డీజిల్ బండిలో ఈల శబ్దం: టర్బో మార్చాలంటున్నారు, నిజంగా అవసరమా?

మూసీ_ఒడ్డు | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది 2015 మోడల్ 2.2 లీటర్ టర్బో డీజిల్, ఏడు సీట్ల బండి. 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు వారాలుగా బోనెట్ లోపలి నుంచి సన్నగా ఈల వేసినట్టు శబ్దం వస్తోంది. మొదట్లో అద్దాలు దించితేనే వినపడేది, ఇప్పుడు అద్దాలు ఎత్తి ఏసీ వేసినా వినపడుతోంది.

ప్రతి శనివారం హైదరాబాద్ నుంచి ఖమ్మం వెళ్తాను. సూర్యాపేట దాకా హైవే మీద పర్వాలేదు. ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కితే మాత్రం ఈల మొదలవుతుంది, బండి లాగదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక నల్ల పొగ. మైలేజ్ 13 నుంచి 11కి పడిపోయింది. ఇంజిన్ లైట్ మాత్రం వెలగలేదు.

ఒక సర్వీస్ సెంటర్లో రెండు నిమిషాలు విని "టర్బో పోయింది, 72 వేలు అవుతుంది" అన్నారు. టర్బో అంటే పొగ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగమట. మా వీధి మెకానిక్ "టర్బో బండి అన్నాక ఆ మాత్రం ఈల ఉంటుంది" అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? వచ్చే నెల అమ్మను శ్రీశైలం తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆ ఘాట్‌లో బండి ఆగిపోతే ఏం చేయాలని టెన్షన్‌గా ఉంది.

కృష్ణలంక_డీజిల్ | మంగళవారం, రాత్రి 10:05

అన్నా, దయచేసి వెంటనే టర్బో మార్చకు. పోయినేడాది నాకు ఇదే జరిగింది. ఇదే శబ్దం, ఇదే పొగ. అడిగిన వెంటనే 64 వేలు పెట్టి టర్బో మార్పించాను. బండి తీసుకుని బెంజ్ సర్కిల్ దాకా వచ్చానో లేదో మళ్లీ అదే ఈల. ఆటోనగర్‌లో ఇంకొకరికి చూపిస్తే ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) పైపు మీద చిన్న చీలిక ఉందని చెప్పారు. కొత్త పైపు వేశాక శబ్దం పోయింది. తీసేసిన పాత టర్బో బాగానే ఉంది. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

డిపో_మెకానిక్ | బుధవారం, ఉదయం 6:15

బాబూ, బస్సు డిపోలో 26 ఏళ్లు ఇంజిన్ల మీద పనిచేసి రిటైర్ అయ్యాను. శబ్దం ఎంత ఉందన్నది తర్వాత సంగతి. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నది ముందు కావాలి. కింది వాటికి సరిగ్గా చూసి జవాబు చెప్పు. గుర్తున్నంత వరకు అని కాదు, బండి తీసి చూసి చెప్పు.

బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో రేస్ చేస్తే ఈల వస్తుందా? మూడో గేరులో గట్టిగా తొక్కి, ఈల వస్తుండగా కాలు తీసేస్తే వెంటనే ఆగుతుందా, లేక ఆర్పీఎం తగ్గే కొద్దీ మెల్లగా తగ్గుతుందా? తెల్లవారి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఎలా ఉంది, వేడెక్కాక ఎలా ఉంది? ఆయిల్ ఏమన్నా తగ్గుతోందా? పొగ నలుపేనా, నీలంగా ఏమన్నా ఉందా?

మీ వీధి మెకానిక్ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఏ టర్బోకైనా కొద్దిగా ఈల ఉంటుంది. కానీ మూడు వారాల్లో పెరిగింది, దానితో పాటు పికప్ పోయింది అంటే అది మామూలు ఈల కాదు.

గాజువాక_రోడ్డు | బుధవారం, ఉదయం 8:30

బెల్టు చూశారా? నా బండిలో ఆల్టర్నేటర్ బేరింగ్ అరిగి సరిగ్గా ఈలలాగే వచ్చింది. టెన్షనర్ పుల్లీ బేరింగ్ అయినా అంతే. బెల్టు తీసి అర నిమిషం ఇంజిన్ నడిపితే తెలిసిపోతుంది. అంతకన్నా ఎక్కువసేపు వద్దు. చాలా బండ్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది.

మూసీ_ఒడ్డు | బుధవారం, రాత్రి 9:10

ఈ రోజు ఔటర్ మీద ఖాళీ రోడ్డు చూసుకుని, పక్కన మా తమ్ముడిని కూర్చోబెట్టి అన్నీ చూశాను బాబాయ్.

న్యూట్రల్‌లో 3,000 దాకా రేస్ చేసినా ఈల దాదాపు లేదు. మూడో గేరులో 1,800 నుంచి 2,600 మధ్య గట్టిగా తొక్కితే బాగా వస్తోంది. కాలు తీయగానే టక్కున ఆగిపోతోంది. మళ్లీ తొక్కితే మళ్లీ మొదలు. ఆయిల్ తగ్గలేదు, డిప్‌స్టిక్ మీద రెండు గీతల మధ్యే ఉంది. పొగ నలుపే. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వేరే రకం శబ్దం కొద్దిగా ఉన్నట్టు అనిపించింది, కానీ ఖచ్చితంగా చెప్పలేను.

డిపో_మెకానిక్ | గురువారం, ఉదయం 5:50

మంచి పని చేశావు. ఈ జవాబులతో సగం అనుమానాలు పోయాయి.

బెల్టు, ఆల్టర్నేటర్, పుల్లీ ఇవన్నీ ఇంజిన్ వేగాన్ని బట్టి అరుస్తాయి. న్యూట్రల్‌లో 3,000 తిప్పినా, గేరులో 3,000 తిప్పినా వాటికి ఒకటే. నీ శబ్దం వేగాన్ని బట్టి రావడం లేదు, లోడును బట్టి వస్తోంది. డీజిల్ ఇంజిన్‌ను న్యూట్రల్‌లో ఎంత రేస్ చేసినా టర్బో పెద్దగా ప్రెషర్ పెంచదు. కాల్చే డీజిల్ తక్కువ కాబట్టి టర్బైన్‌ను తిప్పే పొగలో బలం ఉండదు. గేరులో లోడు పడితేనే బూస్ట్, అంటే టర్బో పెంచే గాలి ప్రెషర్, వస్తుంది. బూస్ట్ వచ్చినప్పుడే ఈల, కాలు తీయగానే ఆగడం, నల్ల పొగ, ఆయిల్ తగ్గకపోవడం. నా అనుమానం టర్బో నుంచి ఇంజిన్ దాకా గాలి వెళ్లే దారిలో ఎక్కడో లీకు ఉందని.

టర్బో బేరింగ్ పోతే ఈల ఇలా ఉండదు. అంబులెన్స్ సైరన్ లాగా ఆర్పీఎంతో పాటు పైకి ఎక్కి, కాలు తీశాక కూడా కాసేపు కిందికి దిగుతూ వినపడుతుంది. దానితో పాటు చాలాసార్లు నీలం పొగ, ఆయిల్ తగ్గడం కూడా ఉంటాయి. రెక్కలు గోడకు తగులుతుంటే గరగరమని గీసుకున్న శబ్దం కలుస్తుంది.

పుణె_టెస్ట్‌బెడ్ | గురువారం, మధ్యాహ్నం 1:20

బాబాయ్ గారు చెప్పిన దానికి కొంచెం లెక్క జోడిస్తాను. నేను పుణెలో ఇంజిన్ టెస్టింగ్ పని చేస్తాను, మాది ఒంగోలు.

కారు టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు సులువుగా దాటుతుంది. చిన్న టర్బోలైతే రెండు లక్షలకు కూడా వెళ్తాయి. గట్టిగా తొక్కినప్పుడు పైపుల్లో ప్రెషర్ బయటి గాలి కన్నా ఒక బార్ పైనే ఎక్కువ ఉంటుంది. రబ్బరు పైపులో సన్నటి చీలిక ఉంటే చల్లగా, ఖాళీగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది. ప్రెషర్ పడితే విచ్చుకుంటుంది. బెలూన్ మూతిని రెండు వేళ్లతో లాగి పట్టుకుంటే ఎలా కూస్తుందో అలాగే.

నల్ల పొగకు కారణం కూడా అదే. చాలా డీజిల్ బండ్లలో గాలిని కొలిచే సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ దగ్గర, అంటే టర్బోకు ముందే ఉంటుంది. కొలిచిన గాలిలో కొంత దారిలోనే బయటికి పోతోంది. కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు, కొలిచిన లెక్క ప్రకారమే డీజిల్ కొడుతుంది. గాలి చాలక అది మసి అవుతుంది. మైలేజ్ పడిపోవడం కూడా అందుకే.

స్కానర్ దొరికితే రెండు రీడింగులు పక్కపక్కన చూడండి: కంప్యూటర్ అడిగిన బూస్ట్, నిజంగా వచ్చిన బూస్ట్. అంతకు ముందు, తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్‌ను కొలిచేది) ఎంత చూపిస్తుందో నోట్ చేసుకోండి. అది మీ ఊరి వాతావరణ పీడనం చూపించాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి 950 మిల్లీబార్ దగ్గర్లో ఉంటుంది, విజయవాడలో అయితే 1,010 దగ్గర్లో. ఇది తేడాగా ఉంటే సెన్సర్ మీదే అనుమానం, మిగతా రీడింగులేవీ నమ్మడానికి లేదు.

కొలిమి_రవ్వ | గురువారం, సాయంత్రం 4:45

వీజీటీ టర్బో (లోపల కదిలే రెక్కలుండే రకం) అయితే లోపలి రెక్కలు మసి పట్టి బిగుసుకుని ఉండొచ్చు కదా? పికప్ పోవడానికి అదీ ఒక కారణమే.

పుణె_టెస్ట్‌బెడ్ | గురువారం, సాయంత్రం 5:30

నిజమే, కొట్టిపారేయలేం. కానీ రెక్కలు తెరుచుకున్న చోట బిగుసుకుంటే కింది ఆర్పీఎంలో బండి అస్సలు లాగదు, ఈల పెరగదు. మూసుకున్న చోట బిగుసుకుంటే బూస్ట్ ఎక్కువై బండి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్ తన బలాన్ని తానే తగ్గించుకునే స్థితి) వెళ్తుంది, లైట్ వెలుగుతుంది. ఆ రెక్కలను కదిపే యాక్చుయేటర్ వ్యాక్యూమ్‌తో పనిచేసేదైతే స్టార్ట్ చేసినప్పుడు దాని కడ్డీ సాఫీగా కదులుతుందో లేదో ఒకరు బోనెట్ దగ్గర నిలబడి చూస్తే చాలు. దాని సన్నటి వ్యాక్యూమ్ ట్యూబులు కూడా పగిలాయేమో చూడండి.

లంబసింగి_మంచు | గురువారం, రాత్రి 8:00

నాదీ ఒక అనుభవం చెప్తాను. సర్వీస్ చేయించి తెచ్చిన మర్నాటి నుంచి నా బండిలో ఈల. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత క్లిప్పు ఒకటి సరిగ్గా పడలేదు, అంతే. కానీ నాది న్యూట్రల్‌లో రేస్ చేసినా వచ్చేది. అది గాలి బయటికి పోయే శబ్దం కాదు, లోపలికి పీల్చుకునే శబ్దం.

చిన్న తప్పే అయినా దాన్ని వదిలేయకండి. ఆ సందులోంచి వెళ్లే దుమ్ము ఫిల్టర్‌లోంచి వెళ్లదు, నేరుగా టర్బో రెక్కలకే తగులుతుంది. మా వైపు మట్టి రోడ్ల మీద తిరిగే బండికి అది నెలల్లోనే టర్బోను అరగదీస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ మూత చుట్టూ వేలు పెట్టి చూడటం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

మూసీ_ఒడ్డు | శుక్రవారం, రాత్రి 9:30

స్కానర్ పెట్టించాను. ఇంజిన్ ఆపి ఉంచితే 951 చూపించింది, కాబట్టి సెన్సర్ బాగానే ఉంది. మూడో గేరులో 2,500 దగ్గర పూర్తిగా తొక్కితే కంప్యూటర్ అడిగింది 2,250, వచ్చింది 1,790. ఫాల్ట్ కోడ్ మాత్రం లేదు. యాక్చుయేటర్ కడ్డీ సాఫీగా కదులుతోంది. ఎయిర్ ఫిల్టర్ మూత సరిగ్గానే ఉంది.

డిపో_మెకానిక్ | శనివారం, ఉదయం 6:00

తేడా చాలా ఉంది. బూస్ట్ తక్కువైతే పీ0299 కోడ్ రావాలి. కానీ ఆ తేడా కొంతసేపు ఆగకుండా ఉంటేనే కంప్యూటర్ కోడ్ రాసుకుంటుంది. నువ్వు కాసేపు తొక్కి కాలు తీసేస్తున్నావు. కోడ్ లేదంటే లోపం లేదని కాదు.

ఇప్పుడు చేతితో చేసే పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కింది ప్లాస్టిక్ కవర్ విప్పించి, టార్చ్ పట్టుకుని టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే పైపులు మొత్తం చూడు. పై నుంచి చూస్తే అన్నీ కొత్తవాటిలాగే కనిపిస్తాయి. చీలికలు చాలాసార్లు పైపు కింది వైపే, అదీ క్లాంప్ అంచున ఉంటాయి. చెయ్యి పట్టని చోట ఫోన్ కెమెరా పెట్టి వీడియో తియ్యి. పైపును చేత్తో వంచి, నొక్కి చూడు.

ఇంకో గుర్తు. ఈ పైపుల లోపల కొద్దిగా ఆయిల్ తడి ఉండటం మామూలే, ఇంజిన్ నుంచి వచ్చే ఆవిరి ఆ దారినే వెళ్తుంది. కానీ పైపు బయట ఒకచోట తడిగా ఉండి, దాని మీద మట్టి ముద్దలా పట్టి ఉంటే లీకు సరిగ్గా అక్కడే. ఆ మట్టిని ముందే తుడిచేయకు. మా డిపోలో కొత్త కుర్రాళ్లు చేసే మొదటి తప్పు అదే. ఇంజిన్ శుభ్రంగా కడిగేసి, ఆ తర్వాత లీకు ఎక్కడుందో వెతుకుతారు.

కంటికి దొరక్కపోతే సబ్బు నీళ్లు. ఫిల్టర్ వైపు టర్బో మూతికి అడాప్టర్ బిగించి, కంప్రెసర్‌తో 10 నుంచి 15 పీఎస్ఐ దాకా మాత్రమే గాలి పెట్టాలి. పైపుల మీద, ఇంటర్‌కూలర్ మూలల్లో సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వస్తాయి. గాలి ఎక్కువ పెడితే బాగున్న సీళ్లు కూడా పోతాయి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను: పైపు విప్పేసి ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. టర్బో మూతి దగ్గర గుడ్డ ఉన్నా, వేలు ఉన్నా లాగేసుకుంటుంది.

సింగరేణి_టిప్పర్ | శనివారం, మధ్యాహ్నం 12:10

కొత్తగూడెంలో నాకు రెండు టిప్పర్లు ఉన్నాయి. మూసీ తమ్ముడి బండిలో ఆయిల్ తగ్గట్లేదు కాబట్టి భయం లేదు. కానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్పాలి.

ఈలతో పాటు ఆయిల్ తగ్గుతూ, నీలం పొగ వస్తుంటే బండి నడపొద్దు. టర్బో సీలు పోతే ఇంజిన్ ఆయిలే గాలితో పాటు లోపలికి వెళ్తుంది. డీజిల్ ఇంజిన్‌కు అది కూడా ఇంధనమే. తాళం తీసేసినా ఆగదు. నా టిప్పర్ ఒకటి లోడు దించుతుండగా ఇలా అయింది. తాళం డ్రైవర్ చేతిలో ఉంది, ఇంజిన్ మాత్రం అరుస్తూ పైకి పోతూనే ఉంది, చుట్టూ తెల్లటి పొగ. మా డ్రైవర్ బెదరకుండా పై గేరు వేసి, బ్రేకు మొత్తం తొక్కి, క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. ఇంజిన్ ఆగింది. ఆ రోజు అతనికి ఆ సంగతి తెలియకపోతే ఇంజిన్ ముక్కలయ్యేది, మనుషులకు కూడా తగిలేది. ఆటోమేటిక్ బండికి ఆ వీలు లేదు. గాలి మూతిని చెక్కలాంటి దానితో మూయాలి, చేత్తో ఎట్టి పరిస్థితిలోనూ కాదు. అది కుదరకపోతే దూరం జరగాలి.

కృష్ణలంక_డీజిల్ | శనివారం, మధ్యాహ్నం 3:00

టిప్పర్ అన్నా, ఇది నాకు తెలియదు. మా నాన్నగారికి కూడా చూపిస్తాను, బండి ఆయన కూడా నడుపుతారు.

డిపో బాబాయ్, నాదొక సందేహం. నాకు అనవసరంగా వేసిన కొత్త టర్బోకు వాళ్లు ఆయిల్ పైపు మార్చలేదు. ఇబ్బందా?

డిపో_మెకానిక్ | శనివారం, సాయంత్రం 6:40

ఏడాది నడిచింది కాబట్టి కంగారు పడకు. కానీ ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు ఆ సన్నటి పైపు, దాని బోల్టు లోపలి రంధ్రం విప్పి చూపించుకో. టర్బో షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ రంధ్రంలో మడ్డి పేరుకుంటే కొత్త టర్బో కూడా ఎక్కువ కాలం నిలవదు. టర్బో మార్చినప్పుడు ఆ పైపు మార్చాలి లేదా పూర్తిగా శుభ్రం చేయాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. స్టార్ట్ చేసే ముందు టర్బోలో కొత్త ఆయిల్ పోయాలి. పాత టర్బో రెక్క విరిగి ఉంటే ఇంటర్‌కూలర్‌లో ముక్కలు ఉన్నాయేమో కూడా చూడాలి.

మూసీ_ఒడ్డు | ఆదివారం, రాత్రి 8:15

దొరికింది!

ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్ వైపు వెళ్లే రబ్బరు పైపు. బాబాయ్ చెప్పినట్టే కింది వైపు, క్లాంప్ అంచున, దాదాపు నాలుగు సెంటీమీటర్ల చీలిక. దాని చుట్టూ నల్లటి మట్టి ముద్ద. పైనుంచి చూస్తే పైపు నిక్షేపంగా ఉంది. చేత్తో వంచితేనే నోరు తెరిచింది. సబ్బు నీళ్ల దాకా వెళ్లే పనే పడలేదు.

పైపు 1,850, రెండు క్లాంపులు 240, పనికి 500. బండి తీసుకుని ఔటర్ ఎక్కాను. ఈల లేదు, నల్ల పొగ లేదు. స్కానర్‌లో అడిగింది 2,250, వచ్చింది 2,230. అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఒక్కటే మిగిలింది. మొదట్లో చెప్పాను కదా, పొద్దున వేరే రకం శబ్దం అని. ఇప్పుడు పెద్ద ఈల పోయాక అది స్పష్టంగా వినపడుతోంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే చుఫ్ చుఫ్ అంటూ, మధ్యలో సన్నటి ఈల. ఐదు నిమిషాల్లో పోతుంది.

కొలిమి_రవ్వ | ఆదివారం, రాత్రి 8:50

అది సైలెన్సర్ వైపు లీకు. ఎం-సీల్ పెట్టేస్తే సరిపోతుంది.

డిపో_మెకానిక్ | సోమవారం, ఉదయం 5:45

సైలెన్సర్ వైపే, కానీ ఎం-సీల్ వద్దు బాబూ. టర్బోకు ముందున్న భాగంలో లోడు మీద వేడి 700 డిగ్రీలు కూడా దాటుతుంది. అక్కడ ఏ ముద్దా నిలబడదు. ఎండి రాలిన ముక్క లోపలికి పోతే నేరుగా టర్బైన్ రెక్కలకే తగులుతుంది. బాగున్న టర్బోను మనమే పాడుచేసుకున్నట్టవుతుంది.

చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోతోందంటే, ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటోంది. మ్యానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల భాగం) గ్యాస్కెట్ గానీ, విరిగిన స్టడ్ గానీ, ఈజీఆర్ పైపు (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) గ్యాస్కెట్ గానీ అయి ఉంటుంది. ఇంజెక్టర్ కింది వాషర్ పోయినా చుఫ్ చుఫ్ అంటుంది, కానీ అక్కడ తారులాంటి నల్లటి ముద్ద పేరుకుని ఉంటుంది. ముందు అది చూడు. తర్వాత మ్యానిఫోల్డ్, ఈజీఆర్ అతుకుల దగ్గర పొడి మసి చార ఎక్కడుందో వెతుకు. మీటరు పొడవు రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస ఒక్కో అతుకు దగ్గరికి తీసుకెళ్తే శబ్దం ఎక్కడిదో తెలిసిపోతుంది. ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా ఉండు.

ఈ రిపేరు అయ్యేదాకా అమ్మగారిని ఎక్కించుకుని దూరం వెళ్లొద్దు. ఆ పొగ ఏసీ గాలితో లోపలికి రావచ్చు.

మూసీ_ఒడ్డు | గురువారం, రాత్రి 10:00

ఈజీఆర్ పైపు ఫ్లాంజ్ దగ్గర మసి చార కనిపించింది. గ్యాస్కెట్ ఒకవైపు పూర్తిగా కాలిపోయింది. కొత్తది 180 రూపాయలు. రెండు నట్లు తుప్పు పట్టి రాలేదు, రాత్రంతా ఆయిల్ వేసి నానబెట్టి పొద్దున తీశారు. విప్పిన సందర్భంలోనే ఫిల్టర్ వైపు పైపు తీసి టర్బో షాఫ్ట్ కూడా చూపించుకున్నాను. పక్కలకు కొంచెం కదులుతోంది, ముందుకీ వెనక్కీ కదలిక లేదు, రెక్కలు గోడకు తగలడం లేదు, అంచులు నున్నగా ఉన్నాయి. పక్కలకు ఆ మాత్రం కదలడం మామూలేనా బాబాయ్?

డిపో_మెకానిక్ | శుక్రవారం, ఉదయం 6:05

మామూలే. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ఉండదు కాబట్టి పక్కలకు కొంచెం ఆడుతుంది. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేంత ఆడితేనే చెడిపోయినట్టు. నీ టర్బో బాగుంది. అమ్మగారిని తీసుకెళ్లు. ఘాట్ ఎక్కి పైకి చేరాక బండి ఆపగానే తాళం తీయకు. ఒక నిమిషం అలాగే నడవనిచ్చి తియ్యి, టర్బో వేడి ఆయిల్‌తో దిగుతుంది.

మూసీ_ఒడ్డు | సోమవారం, సాయంత్రం 7:20

నిన్న దర్శనం చేసుకుని వచ్చాం. దోమలపెంట దాటాక డ్యామ్ దగ్గరికి దిగే మలుపులు, మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కుడు, ఐదుగురం సామానుతో సహా ఉన్నాం. రెండో గేరులో, మూడో గేరులో బండి హాయిగా లాగింది. అద్దాలు దించుకుని విన్నాను, టర్బో సన్నటి కూత తప్ప ఇంకేమీ లేదు. పైకి చేరాక ఒక నిమిషం ఆగి తాళం తీశాను బాబాయ్. డిపో బాబాయ్ పేరు మీద కూడా అమ్మ కొబ్బరికాయ కొట్టించింది.

నెల్లూరు_చెరువు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఈ చర్చ మొత్తం చదివాను. నాది బీఎస్6 డీజిల్, 2021 మోడల్. నాలుగైదు వందల కిలోమీటర్లకు ఒకసారి, ఆగి ఉన్నప్పుడు కూడా ఐడిలింగ్ పెరిగి హోరుమని శబ్దం వస్తుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, వేడి వాసన వస్తుంది. కాసేపటికి తగ్గిపోతుంది. నాది కూడా పైపు లీకేనా?

మూసీ_ఒడ్డు | మంగళవారం, సాయంత్రం 6:10

అన్నా, మామూలుగా నడిపేటప్పుడు గట్టిగా తొక్కితే వస్తుందా? పొగ ఏమన్నా ఉందా? పికప్ తగ్గిందా?

నెల్లూరు_చెరువు | మంగళవారం, రాత్రి 7:45

మిగతా రోజుల్లో ఏమీ లేదు. పొగ లేదు, పికప్ బాగుంది.

పుణె_టెస్ట్‌బెడ్ | మంగళవారం, రాత్రి 9:00

అయితే అది లోపం కాదు. సైలెన్సర్ దారిలో ఉన్న డీపీఎఫ్ ఫిల్టర్‌లో పేరుకున్న మసిని బండి తనంతట తానే కాల్చుకుంటోంది. అప్పుడు కావాలనే వేడి పెంచుతుంది, అందుకే ఐడిలింగ్, ఫ్యాన్, వాసన. ఆ సమయంలో ఇంజిన్ ఆపేయకండి. వీలైతే హైవే ఎక్కి 15, 20 నిమిషాలు ఒకే వేగంతో నడపండి. ఎండుగడ్డి మీద మాత్రం బండి ఆపొద్దు, సైలెన్సర్ వైపు చాలా వేడిగా ఉంటుంది. మధ్యలో ఆపేయడం అలవాటైతే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పై గీత దాటిందేమో ఒకసారి చూసి చెప్పండి.

నెల్లూరు_చెరువు | మంగళవారం, రాత్రి 9:25

రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసి చెప్తాను.